బ్రోడీపేట తమ్ముడికి: ఇండియన్‌కి ఐ పెద్దదే పెట్టు

తమ్ముడూ, ఉద్యోగం దరఖాస్తుతో పంపే ఇంగ్లిష్ కవర్ లెటర్లో ఇండియన్ అని రాసేటప్పుడు ఐ పెద్దదైనా చిన్నదైనా అర్థమవుతుందిగా అక్కా అన్నావు. అర్థమవుతుందయ్యా, కానీ ఇంటర్వ్యూకి పిలవరు. దేశం పేరు, ఆ దేశస్థుల పేరు, భాష పేరు వాక్యం మధ్యలో వచ్చినా సరే క్యాపిటల్ లెటర్‌తోనే రాయాలి. ఇండియన్, అమెరికన్, తెలుగు, ఇంగ్లిష్, అన్నీ అంతే.

మన లిపిలో పెద్ద అక్షరం చిన్న అక్షరం అన్న గొడవే లేదు కాబట్టి మనకి అంత తొందరగా ఒంటబట్టదు. నేను విజయవాడలో ఇంగ్లిష్ మీడియమే చదివా, మార్కులకి లోటు లేదు, అయినా ఎమ్మెస్ అయ్యాక పంపిన కవర్ లెటర్లో ఇండియన్, ఇంగ్లిష్ రెండూ చిన్న అక్షరాలతో రాసి, హార్డ్ వర్క్, టీమ్ ప్లేయర్, టెస్టింగ్ లాంటివి మాత్రం గట్టిగా కనపడాలని పెద్ద అక్షరాలతో రాశా, అదే లెటర్ అన్ని కంపెనీలకీ పోయింది. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. అవతల మా నాన్నగారు తెనాలి దగ్గర పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోను, దాని మీద వడ్డీ, ఇవతల అద్దె, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. చివరికి కాలేజీ కెరీర్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఆ కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో తప్పు అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టుకుంటూ పోయింది. ఆవిడ చెప్పింది ఒకటే, ఫలానా అని ఒక్కదాన్నే చూపించే పేరైతే పెద్దది, ఆ రకానివన్నిటికీ వాడే మాటైతే చిన్నది.

మనూరి లెక్కలో చూడు. గుంటూరు మిర్చిలో జీ పెద్దది, ఎం చిన్నది. ప్రకాశం బ్యారేజీ అని పూర్తిగా రాస్తే పీ, బీ రెండూ పెద్దవే, ఊరికే బ్యారేజీ మీద నడిచాం అంటే బీ చిన్నది. బెంజ్ సర్కిల్ కూడా అంతే. సౌత్ ఇండియాకి ఎస్ పెద్దది, సౌత్ వైపు తిరుగు అంటే చిన్నది. వారాల పేర్లు, నెలల పేర్లు పెద్దవి, సమ్మర్, వింటర్ చిన్నవి. సబ్జెక్టుల్లో ఫిజిక్స్ చిన్నది, ఇంగ్లిష్ భాష కాబట్టి పెద్దది. బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ అని డిగ్రీ పేరు పూర్తిగా రాస్తే బీ, టీ పెద్దవి, ఉత్త బ్యాచిలర్స్ డిగ్రీ అంటే చిన్నవి. నల్లజాతి వాళ్ళ గురించి రాసేటప్పుడు బ్లాక్‌కి బీ పెద్దది పెట్టడం 2020 నుంచి అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతి, ఆఫీస్ మెయిల్స్‌లో నువ్వూ అలాగే రాయి.

కంప్యూటర్లో ఎమ్మెస్ వర్డ్ సరిచేస్తుందిలే అనుకోకు, అది ఇండియన్‌ని దిద్దుతుంది గానీ గొప్పకి పెద్ద అక్షరాలు పెట్టిన హార్డ్ వర్క్ జోలికి రాదు. మీ బ్యాచ్ పిల్లలు పంపే ముందు ఒక్కసారి చదువుకోరు, అదే నా బాధ.

చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోనిచ్చే ఓపీటీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు, మిగతా రూల్స్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కో. నాకు నీ లోను గురించే దిగులు. మొరటోరియం ఉందిగా అని ధీమాగా ఉండకు, ఈఎంఐ ఆగుతుంది గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మీ నాన్నగారిని అడిగి ఇప్పటికి ఎంతయ్యిందో రాసిపెట్టుకో, అద్దెకి క్రెడిట్ కార్డు గీకకు. లెటర్ దిద్దాక నాకు పంపు, శనివారం కూర్చుని చూస్తా, సోమవారం పొద్దున్నే కంపెనీలకి పంపేద్దువు.