గాలికి గురుత్వం ఉందా?

సందేహం: "శాటిలైట్ల ద్వారా గురుత్వ తరంగాల సీజనల్ నమూనాలు తెలిశాయి, చలికాలంలో ఇవి బలంగా ఉంటాయి" అని ఒకచోట చదివానండీ. గురుత్వ తరంగాలంటే బ్లాక్‌హోల్స్ ఢీకొంటే పుట్టేవి కదా, వాటికి చలికాలం ఎండాకాలం ఏమిటి? ఈ పదప్రయోగం సరైనదేనా?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. లైగో అనే అమెరికా ప్రయోగశాల 2015లో పట్టుకున్న బ్లాక్‌హోల్స్ తరంగాలు వేరు, ఇవి వేరు. ఇవి మన గాలిలో పుట్టే అలలు.

అసలు ముందు గురుత్వం సంగతి చూడాలి. గురు అంటే బరువైనది, దాన్నుంచే గరిమ, గరిష్ఠ వచ్చాయి (అందుకే గరిష్ఠ ఉష్ణోగ్రత అన్నప్పుడల్లా నాకు బరువైన ఉష్ణోగ్రత అన్నట్టే వినిపిస్తుంది, అత్యధికం అంటే సరిపోయేదానికి!). అన్నంభట్టు అనే పండితుడు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో "ఆద్యపతనాసమవాయికారణం గురుత్వం, పృథివీజలవృత్తి" అన్నాడు, అంటే వస్తువు మొట్టమొదట కింద పడటానికి కారణమైన గుణం గురుత్వం, అది మట్టిలో నీటిలో మాత్రమే ఉంటుంది అని. గాలికి లేదు! ఆ లెక్కన గాలిలో గురుత్వ తరంగం అనడం వదతోవ్యాఘాతమే, అంటే తన మాటని తనే కొట్టేసుకోవడమే. కానీ గాలికీ బరువుందని ఇప్పుడు మనకి తెలుసు, ఆ బరువే ఈ అలని పుట్టిస్తుంది. కొండకి తగిలి పైకెక్కిన గాలి చల్లబడి చుట్టూ ఉన్న గాలికన్నా బరువెక్కుతుంది, కిందికి జారుతుంది, జారే ఊపులో తన చోటు దాటిపోయి వేడెక్కి తేలికై మళ్ళీ లేస్తుంది, అలా ఊగుతూనే ఉంటుంది. ఆ మొదటి జారుడుకి ఆద్యపతనం కన్నా మంచి మాట నాకు దొరకలేదు. పృథివీజలవృత్తి అన్నది ఒప్పుకోం గానీ ఆయన చెప్పిన లక్షణం (నిర్వచనం) మాత్రం అచ్చంగా కుదిరింది.

ఇక కాలాల సంగతి. 2001లో వెళ్ళిన టైమ్డ్ ఉపగ్రహం మీది సేబర్ పరికరం ఎత్తుని బట్టి గాలి ఉష్ణోగ్రత ఎలా మారుతోందో కొలుస్తుంది, ఆ హెచ్చుతగ్గుల్లో ఈ అలలు కనిపిస్తాయి. దక్షిణార్ధగోళంలో చలికాలం, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల దక్షిణపు కొస మీదా అంటార్కిటికా ద్వీపకల్పం మీదా ఇవి చాలా బలంగా ఉంటాయి. అప్పుడు పడమటి గాలి కింద నుంచి స్ట్రాటోస్ఫియర్ (మేఘాల పొరకి పైనున్న వాతావరణపు పొర) దాకా ఒకే దిక్కున వీస్తుంది కాబట్టి కొండల దగ్గర పుట్టిన అల పైదాకా పోగలదు. ఎండాకాలంలో పైన గాలి దిక్కు తిరిగిపోతుంది, కొండ అలలు ఆ మధ్యలోనే ఆగిపోతాయి. ఆ కాలంలో ఉష్ణమండలం అంచుల్లో, రుతుపవనాల ప్రాంతాల్లో ఉరుముల మేఘాలు పుట్టించే అలలదే పైచేయి.

దీన్ని "సీజనల్ నమూనాలు" అనడం మాత్రం నాకు నచ్చలేదు. నమూనా అంటే మచ్చుతునక, మాదిరి. ఏ కాలంలో హెచ్చో ఏ కాలంలో తగ్గో చెప్పేటప్పుడు ఆ మాటెందుకు, "కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులు" అనలేమా?



మరి ఏమనాలి? లైగో వాటిని గురుత్వాకర్షణ తరంగాలు అని పూర్తిగా రాసి వీటిని గురుత్వ తరంగాలు అనొచ్చు, కాకపోతే ఆ చిన్న తేడా చదివేవాళ్ళకి ఆనదు. ఉత్ప్లవన (తేలించే బలం) తరంగాలు అంటే శాస్త్రానికి దగ్గరే, నోరు తిరగడమే కష్టం. గాలి అలలు హాయిగా ఉంది గానీ శబ్దమూ గాలిలో అలేగా. నేనైతే ప్రస్తుతానికి "వాతావరణ గురుత్వ తరంగాలు" అని మొదటిసారి పూర్తిగా రాసి, తర్వాత అలలు అని ఊరుకుంటాను.