సారా కొట్టాయన భార్యకీ ఒక పలక ఇవ్వండి

"అన్ని ఆలోచనలకూ చోటుండే, సమాజంలో మంచి మార్పు కోసం పనిచేసే బృందం ఒకటి కట్టాలనుకుంటున్నాను. భావసారూప్యం ఉన్నవాళ్ళని ఎలా పోగెయ్యాలి? పేరు, అధ్యక్ష కార్యదర్శులు, రిజిస్ట్రేషన్ ముందే చూసుకోవాలా?" అని అడిగారు.

ముందు ఆ భావసారూప్యం సంగతి వదిలెయ్యండి. మీలాగే ఆలోచించేవాళ్ళు మీకు ఇప్పటికే స్నేహితులై ఉంటారు. వాళ్ళతో కూర్చుంటే పొద్దు బాగా పోతుంది, ఊళ్ళో మాత్రం గడ్డిపరక కూడా కదలదు. అన్ని ఆలోచనలకూ చోటు కావాలంటూ మనతో ఏకీభవించేవాళ్ళనే పిలుస్తానంటే ఆ రెండూ ఒకచోట పొసగవు.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం నెల్లూరు జిల్లా. తొంభైల మొదట్లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు సాక్షరతా ఉద్యమంలో వాలంటీరుగా చేరాను. జీతం లేదు. లాంతరు, నల్లబల్ల, కాసిని పలకలు, వాచకాలు ఇచ్చారు. ముందు కళాజాతా వాళ్ళొచ్చి పాటలు పాడి, నాటిక ఆడి వెళ్ళేవాళ్ళు. ఆ మర్నాటి నుంచి రాత్రిబడి మేం నడపాలి. మగవాళ్ళు ఏదో మొహమాటానికి వచ్చి మానేశారు. ఆడవాళ్ళు మాత్రం కూలికెళ్ళొచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, చంకలో పలక పెట్టుకుని వచ్చేవాళ్ళు. పగలంతా నాట్లేసిన చేతులు. బలపం పట్టుకుంటే వేళ్ళు వంగేవి కావు.

వాచకంలో తాగుబోతు మొగుడితో వేగే ఒకావిడ కథ ఉండేది. అది చదివినప్పటినుంచి బడిలో అక్షరాలకంటే సారా గురించిన మాటలే ఎక్కువయ్యాయి. అప్పట్లో సారా పాకెట్లలో వచ్చేది. మంచినీళ్ళ బావి లేని ఊళ్ళో కూడా సారా కొట్టుండేది.

సరిగ్గా అదే సమయంలో ఒకావిడ కొత్తగా బడికి వచ్చింది. వాళ్ళాయన సారా కొట్లో కూర్చుని అమ్మే మనిషి. కొట్టు అతనిది కాదు, కంట్రాక్టరు దగ్గర జీతగాడు. ఆవిడ వచ్చి కూర్చోగానే పక్కనున్నవాళ్ళు జరిగిపోయారు. "మనం ఇక్కడ మాట్లాడేది పొద్దున్నే కొట్లో తెలిసిపోద్ది, పంతులూ. పంపించెయ్" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. అప్పుడు అందరిలోకీ పెద్దావిడ ఒకామె, చదువు ఎంతకీ ఒంటబట్టక 'అ' దగ్గరే ఆగిపోయిన మనిషి, గయ్యిమని లేచింది. "ఏందమ్మే, దాని మొగుడు అమ్ముతుండాడు, మీ మొగుళ్ళు తాగడంలా? అట్టయితే మీరూ లేచి పోండి. బడి ఖాళీ అయిపోద్ది." ఇక ఎవరూ నోరెత్తలేదు. ఆవిడ ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి తీసివేతలు చెప్తున్నాను. నల్లబల్ల మీద మగకూలి అంకె ఒకటి వేసి, "ఇందులో ఇంటి ఖర్చు ఎంత తీసెయ్యాలో మీరే చెప్పండి" అన్నాను. బియ్యం ఎంత, ఉప్పూపప్పూ ఎంత అని తలో మాటా అంటున్నారు. వెనక నుంచి ఆవిడ, "ముందు కొట్టు ఖాతా తియ్యండి, ఆ మిగిలిందాంట్లో గదా బియ్యం" అంది. కొట్లో అరువు నడుస్తుందని అందరికీ తెలుసు. ఎంత నడుస్తుందో తెలిసింది ఆవిడకే, ఎందుకంటే వాళ్ళాయన రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని లెక్క పైకి చదువుకుంటూ కట్టేవాడట. ఎవరి పేరూ చెప్పలేదు. ఒక్కో ఇంటికి వారానికి ఎంత పడుతుందో అంకె మాత్రం చెప్పింది. ఆడవాళ్ళు పలకల మీద ఆ అంకె వేసి తీసివేత చేశారు. చాలామందికి సగం కూడా మిగల్లేదు. ఒకామెకి పై అంకె కంటే కింది అంకె పెద్దదైంది. "పంతులూ, ఇది తియ్యడానికి రావడంలే, తప్పేసినానా?" అని పలక నా ముందు పెట్టింది. తప్పు లేదు. ఆ ఇంటి లెక్క నిజంగానే అంతే.

ఉపన్యాసాలు ఎన్ని ఇస్తే ఆ పలక మీదున్న అంకెకి సరితూగుతాయి? ఆ అంకె తెచ్చింది ఎవరు? మేం పంపించెయ్యబోయిన మనిషి.

ఆవిడ మాతో అన్నిటికీ తలూపిందని అనుకోకండి. కొట్టు మూయించాలన్నప్పుడు, "మూస్తే నా మొగుడికి పనెవరు చూపిస్తారు? మీ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించడానికి నా పొయ్యి ఆర్పుతారా?" అని నిలదీసింది. రెండు మూడు రాత్రులు అదే గొడవ. చివరికి ఆడవాళ్ళే ఒక ఆసామిని పట్టుకుని అతనికి పొలంలో పని ఒప్పించారు. పాకెట్ల జీపు ఎప్పుడొస్తుందో ఆవిడే చెప్పింది, చెరువు కట్ట మీద దానికి అడ్డంగా నిలబడ్డవాళ్ళల్లో ఆవిడా ఉంది. ఆ ప్రశ్న అడిగే మనిషి లేకపోతే మేం కొట్టు మూయించి, ఒక కుటుంబాన్ని రోడ్డున పడేసి, గెలిచామని చంకలు గుద్దుకునేవాళ్ళం.

ఇలాంటి రాత్రిబళ్ళు జిల్లా అంతా ఉన్నాయి కాబట్టే దూబగుంట అనే ఊళ్ళో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు కొట్టు మూయించిన కబురు ఊరూరికీ పాకింది. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కు కోసం జరిగే వేలంపాటలు మళ్ళీ మళ్ళీ ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించేశారు. ఖజానాకి రాబడి పోయిందని, దొంగ సారా పెరిగిందని కారణాలు చెప్తారు. నేను ఒప్పుకోను. నన్నడిగితే అసలు కారణం రాత్రిబళ్ళు మూతపడటం. పలక పట్టుకుని రోజూ ఒకచోట కూర్చునే ఆడవాళ్ళుంటే ఏ ప్రభుత్వానికీ ఆ ధైర్యం వచ్చేది కాదు.

ఇప్పుడు చైతన్యం పేరుతో జరుగుతున్నవి చూస్తుంటే కడుపు మండుతుంది. వాట్సాప్‌లో ఒక గ్రూపు, పొద్దున్నే శుభోదయాలు, ఎవరైనా అడ్డం మాట్లాడితే అడ్మిన్ గారు తీసెయ్యడం. ఏడాదికోసారి సభ. వేదిక మీద పదిహేనుమంది, కింద వాళ్ళ చుట్టాలు. శాలువాలు, మెమెంటోలు, గజమాలలు. ఫ్లెక్సీలో ఫోటో చిన్నదైందని అలిగి సంఘం చీల్చినవాళ్ళని నేను చూశాను. ఆ ఫ్లెక్సీ ఖర్చుతో ఎన్ని పలకలొస్తాయి!

ఇక మీరు చెయ్యాల్సింది. చోటు కోసం వెతుక్కోకండి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, మీ శాఖా గ్రంథాలయంలో సాయంత్రం ఒక గంట అడగండి. ఒకప్పుడు ఇదే తెలుగునేలలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఇవాళ భవనం ఉండి కూడా పేపరు చదివే నలుగురు ముసలాళ్ళు తప్ప మనుషుల్లేరు. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి, వేదిక వద్దు. పేపర్లోంచి ఒక వార్త ఎవరో ఒకరు పైకి చదవాలి, చదువు రానివాళ్ళు కూడా వినేలా. ముందు చిన్నవాళ్ళు, ఆడవాళ్ళు మాట్లాడాలి, రిటైరైన ఆఫీసర్లు చివర్లో. నేనూ రిటైరైనవాణ్ణే, మాకు మైకు దొరికితే వదలం.

తర్వాత ఒకే ఒక్క పని పెట్టుకోండి, చేతికి అందేది. మురిక్కాలవైనా సరే, బడి మానేసిన పిల్లలైనా సరే. ఆ పని జరిగితే ఎవరికి నష్టమో ఆ మనిషిని మొదటి రోజే ఇంటికెళ్ళి పిలవండి. కాలవ మీద మెట్లు కట్టుకున్నాయన, పిల్లాణ్ణి పనిలో పెట్టుకున్న మెకానిక్కు, ఎవరైతే వాళ్ళు. మొదటిసారి రాకపోతే మళ్ళీ పిలవండి. వచ్చి తిడితే కూర్చుని వినండి. మీకు తెలియని లెక్క వాళ్ళ దగ్గరుంటుంది.

పేరు, పదవులు, రిజిస్ట్రేషన్ గురించి. నలుగురి దగ్గరా డబ్బు వసూలు చేసేదాకా ఆ మూడింటి అవసరం మీకు రాదు. వచ్చిననాడు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సరిపోతుంది. ఆ ఏడుగురిలో మీతో పడని మనిషి ఒక్కరైనా ఉండేలా చూసుకోండి. కోశాధికారి పదవి వాళ్ళకిస్తే ఇంకా మంచిది, లెక్కలు శుభ్రంగా ఉంటాయి.