ఇంగ్లీషు సందేహాలు: ఇంతకీ ‘నాట్’ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: నేను ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. జ్వరం వచ్చి మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళలేదు. సెలవు చీటీ పంపలేదని మెమో ఇచ్చారు. సంజాయిషీలో ‘ఫీవర్ ప్రివెంటెడ్ మి నాట్ టు అటెండ్ ఆఫీస్’ అని రాస్తే సూపరింటెండెంట్ గారు ఎర్ర సిరాతో గీత కొట్టి తిప్పి పంపారు. ‘ప్రివెంటెడ్ మి ఫ్రమ్ నాట్ అటెండింగ్’ అని మార్చి ఇచ్చాను. మళ్ళీ గీత. తప్పేమిటో చెప్పరు. ఇలాంటి వాక్యాల్లో ‘నాట్’ ఎక్కడ పెట్టాలి? – ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మొదటి గీత వ్యాకరణానికి, రెండోది అర్థానికి. మీ రెండో వాక్యంలో వ్యాకరణం బాగానే ఉంది. కాకపోతే దాని అర్థం ‘నేను ఆఫీసు ఎగ్గొట్టబోతే జ్వరం ఎగ్గొట్టనివ్వలేదు’ అని! అంత డ్యూటీ తెలిసిన జ్వరం మీ జిల్లాలో ఉందంటే సూపరింటెండెంట్ గారు మాత్రం ఎలా నమ్ముతారు?

హైస్కూల్లో పేపర్లు దిద్దినన్నాళ్ళూ నేనూ ఈ గీత కొడుతూనే వచ్చాను. మనం ‘వెళ్ళకుండా ఆపింది’ అంటాం. ‘ఆపింది’లో ఎలాగూ అడ్డు ఉంది, పైగా ‘కుండా’ కూడా తగిలిస్తాం. తెలుగుకి అది సహజం. ఇంగ్లీషుకి ఒక్క అడ్డు చాలు. ప్రివెంట్, స్టాప్, డిస్కరేజ్, ప్రొహిబిట్ – ఇవన్నీ ‘వద్దు’ని కడుపులో పెట్టుకున్న క్రియలు. వీటి తర్వాత మనిషి, తర్వాత ‘ఫ్రమ్’, తర్వాత ‘ఇంగ్’ రూపం. మన ‘కుండా’ పని అంతా ఆ ‘ఫ్రమ్’ చేసేస్తుంది. కాబట్టి ‘ఫీవర్ ప్రివెంటెడ్ మి ఫ్రమ్ అటెండింగ్ ఆఫీస్’. అంతే, ‘నాట్’ అక్కర్లేదు.

మరి ఈ క్రియల ముందే కాదనే మాట వస్తే? దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ రాజ్యాంగంలో ఉంది. డిపార్ట్‌మెంటల్ పరీక్షలకు ఎలాగూ చదువుతారు, వ్యాకరణం కోసం కూడా ఒకసారి చూడండి. ప్రభుత్వం మతం, కులం, లింగం వంటివి చూసి వివక్ష చూపకూడదని చెప్పే 15వ అధికరణ మూడో క్లాజు: ‘నథింగ్ ఇన్ దిస్ ఆర్టికల్ షల్ ప్రివెంట్ ద స్టేట్ ఫ్రమ్ మేకింగ్ ఎనీ స్పెషల్ ప్రొవిజన్ ఫర్ విమెన్ అండ్ చిల్డ్రన్’. ప్రివెంట్, ఆ తర్వాత ద స్టేట్, ఆ తర్వాత ఫ్రమ్ మేకింగ్ – అచ్చం మీ జ్వరం వాక్యమే. ముందు ‘నథింగ్’ చేరింది. అడ్డుకునేది ఏదీ లేదు, అంటే స్త్రీల కోసం, పిల్లల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చు. ‘చేసి తీరాలి’ అని మాత్రం ఆ వాక్యం అనడం లేదు. అడ్డు తీసేయడం వేరు, మెడ మీద కత్తి పెట్టడం వేరు.

మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను కులాల వారీగా పంచే జీవో ఉండేది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. దాంతో వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకునే వీలుండేలా, అదే ఏడాది రాజ్యాంగం మొదటి సవరణతో 15వ అధికరణకు నాలుగో క్లాజు చేర్చారు. అందులోనూ ఇదే కట్టు: ‘నథింగ్... షల్ ప్రివెంట్ ద స్టేట్ ఫ్రమ్ మేకింగ్’. ఉద్యోగాల రిజర్వేషన్ల గురించి చెప్పే 16వ అధికరణ నాలుగో క్లాజూ ఇలాగే నడుస్తుంది. దాన్ని సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వానికి వీలు కల్పించే నిబంధనగానే చదివింది. ఒక చిన్న ‘ఫ్రమ్’ మీద ఎంత బరువుందో చూశారా!

ఇక రెండో రకం క్రియలు. బ్లేమ్, థ్యాంక్, ఎక్స్‌క్యూజ్ తర్వాత ‘ఫర్’, అక్యూజ్ తర్వాత ‘ఆఫ్’ వస్తాయి. వీటి కడుపులో ‘వద్దు’ లేదు. అందుకని ‘నాట్’ రెండు చోట్ల కూర్చోగలదు, కూర్చున్న చోటును బట్టి కథ మారిపోతుంది. ‘హి డిడ్ నాట్ బ్లేమ్ మి ఫర్ లూజింగ్ ద ఫైల్’ అంటే ఫైలు పోయింది, ఆయన తిట్టలేదు. ‘హి బ్లేమ్డ్ మి ఫర్ నాట్ ఫైండింగ్ ద ఫైల్’ అంటే మీరు వెతికి పట్టుకోలేదు, తిట్టాడు. రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: జరగనిది ఏది, తిట్టడమా, వెతికి పట్టుకోవడమా? జరగనిదాని పక్కన ‘నాట్’ పెట్టండి.

ఇందులో ఒక మెలిక ఉంది, సంజాయిషీలు రాసేవాళ్ళకి పనికొస్తుంది. ‘డిడ్ నాట్ బ్లేమ్ మి ఫర్ లూజింగ్’ అని రాస్తే ఫైలు పోయిందని మీరే ఒప్పుకున్నట్టు. ‘డిడ్ నాట్ అక్యూజ్ మి ఆఫ్ స్టీలింగ్’ అంటే దొంగతనం జరిగిందో లేదో మీరేమీ చెప్పనట్టే, ఆయన ఆ మాట అనలేదు, అంతవరకే.

అన్నట్టు, మీ సంజాయిషీలో వ్యాకరణం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి కనిపిస్తోంది. మీరు రాసిన ప్రకారం ఆ మెమో ‘బ్లేమ్స్ యు నాట్ ఫర్ బీయింగ్ ఆబ్సెంట్ బట్ ఫర్ నాట్ సెండింగ్ ఎ లీవ్ లెటర్’. రానందుకు కాదు, చీటీ పంపనందుకు. మీరేమో రానందుకు కారణం చెప్పి ఊరుకున్నారు. ‘ప్లీజ్ ఎక్స్‌క్యూజ్ మి ఫర్ నాట్ సెండింగ్ ఎ లీవ్ లెటర్’ అని మొదలుపెట్టి, జ్వరం సంగతి రెండో వాక్యంలో రాయండి.

ప్రశ్న: ‘కీప్’ తర్వాత ‘ఫ్రమ్’ పెట్టినా పెట్టకపోయినా ఒకటే అని మా ఫ్రెండ్ అంటాడు. నిజమేనా? – డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ‘స్టాప్’ విషయంలో నిజమే. బ్రిటిష్ వాళ్ళు ‘స్టాప్ హిమ్ గోయింగ్’ అని ‘ఫ్రమ్’ మింగేస్తారు. ‘కీప్’తో మాత్రం ఆ ఆట వద్దు. ‘ద నాయిస్ కెప్ట్ మి ఫ్రమ్ స్టడీయింగ్’ అంటే గోల చదవనివ్వలేదు. ‘ద ఎగ్జామ్ కెప్ట్ మి స్టడీయింగ్’ అంటే పరీక్ష టెన్షన్ చదివిస్తూనే ఉంది. పూర్తిగా తలకిందులు. ఇంకోటి, కర్మణి ప్రయోగంలో ‘స్టాప్’ అయినా సరే ‘ఫ్రమ్’ ఉండాల్సిందే: ‘హి వాజ్ స్టాప్డ్ ఫ్రమ్ ఎంటరింగ్’.

ప్రశ్న: ‘డాక్టర్ వార్న్డ్ హిమ్ అగెనెస్ట్ నాట్ స్మోకింగ్’ అని మా అబ్బాయి నోట్సులో ఉంది. సరైనదేనా? – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: సిగరెట్టు మానితే ప్రమాదం అని డాక్టరు హెచ్చరించాడన్నమాట! ‘అగెనెస్ట్ స్మోకింగ్’ లేదా ‘నాట్ టు స్మోక్’, రెండిట్లో ఒకటే రాయించండి. ‘థ్యాంక్ యూ ఫర్ నాట్ స్మోకింగ్’ అని బోర్డులు ఉంటాయి, బహుశా అక్కడి ‘నాట్’ ఇక్కడికి వచ్చి చేరి ఉంటుంది. ‘థ్యాంక్’ కడుపులో ‘వద్దు’ లేదు కాబట్టి అక్కడ అది కావాలి.