పిల్లల డాక్టర్‌గా ఉంటూ పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పిడియాట్రిక్స్‌లో ఎండీ మొదటి సంవత్సరం చదువుతోంది. పిల్లల ఆస్పత్రిలో వైద్యం చేస్తూనే పరిశోధన కూడా చేస్తానంటోంది. క్లినిక్ పెట్టుకోక ఈ గొడవంతా ఎందుకని ఇంట్లో టెన్షన్. ఇందులో కెరీర్ ఉందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉందండీ. కాకపోతే దారి పొడుగు, డబ్బు ఆలస్యం. పదేళ్ల తర్వాత కూడా క్లినిక్ పెట్టిన క్లాస్‌మేట్ మీ అమ్మాయికన్నా ఎక్కువే సంపాదిస్తూ ఉండొచ్చు. దానికి ఇంట్లో అందరూ ముందే సిద్ధపడితే మంచిది.

ఈ పని ఎలా ఉంటుందంటే నాకు వెంటనే గుర్తొచ్చేది డాక్టర్ ఎం.కె. భాన్. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల డాక్టర్‌గా పనిచేశారు. 1980ల్లో అక్కడి నవజాత శిశువుల వార్డులో, పసిపిల్లలకు విరేచనాలు తెప్పించే రోటావైరస్ సోకినా, అవి పట్టుకోని పసికందులు కనిపించారు. బిడ్డ బాగుంటే హమ్మయ్య అనుకుని ఇంటికి పంపేస్తాం కదా! ఆయన బృందం మాత్రం ఎందుకు బాగుందని ఆరా తీసింది. అప్పుడు దొరికిన 116ఇ రకం వైరస్సే హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాకు మూలం. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో ట్రయల్ జరిగాక, 2016లో ప్రభుత్వ టీకాల్లో చేరింది. మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వార్డులో పుట్టిన ప్రశ్న మన పిల్లల నోట్లో చుక్కలుగా పడటానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఇక అసలు సంగతి, గైడ్. ఎండీలో థీసిస్ గైడ్‌ని చాలాచోట్ల డిపార్ట్‌మెంటే కేటాయిస్తుంది. అయినా పని నేర్పే మనిషిని కో-గైడ్‌గానో, ఊరికే పెద్దదిక్కుగానో వెతుక్కోవచ్చు. పేరున్న ప్రొఫెసర్ అని మాత్రం మొగ్గొద్దు. ఆయన దగ్గర చేసిన సీనియర్లని అడగమనండి: పేపర్‌లో మొదటి పేరు ఎవరిది పడింది? మాస్టర్ చార్ట్‌ని, అంటే పిల్లలందరి వివరాలూ ఎక్కించే పట్టికని, సార్ ఎప్పుడైనా తెరిచి చూశారా? నైట్ డ్యూటీ దిగొచ్చి ఎక్సెల్‌లో కొడుతుంటే 2.8 కిలోల బిడ్డ కాస్తా 28 కిలోలైపోతుంది. అది పట్టుకుని, కేకలేయకుండా, కేస్ షీట్ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకుని సరిచేయించేవారు దొరికితే వదులుకోకూడదు. చూడకుండా సంతకం పెట్టేవాళ్లకు కొదవ లేదు.

మరొకటి. లెక్కలు తేల్చే స్టాటిస్టీషియన్ దగ్గరికి అందరూ డేటా అంతా పోగయ్యాక పరిగెడతారు. ప్రొటోకాల్, అంటే పరిశోధన ప్లాన్, అనుమతి కోసం ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే ఆయన్ని కలవాలి. పరిశోధనకు ఎంతమంది పిల్లలు కావాలో అప్పుడే తేలాలి మరి.

పీహెచ్‌డీ, ఫెలోషిప్‌ల గురించి ఇప్పుడే బెంగ వద్దు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ డాక్టర్ల కోసం ప్రత్యేకంగా పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది. దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. అది పెట్టినప్పుడు డీబీటీ కార్యదర్శి ఈ భాన్ గారే. అర్హతలు నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి ఎండీ చివరి ఏడాదిలో చూసుకుంటే సరిపోతుంది.

థీసిస్ టాపిక్ ఇంకా ఖాయం కాకపోతే మాత్రం, సీనియర్లతో ఈ వారమే మాట్లాడమనండి.