తోకచుక్కను రోజూ గమనిస్తూ దారి, వెలుగు రాసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంట్లో ఒక 10×50 బైనాక్యులర్ ఉంది. ఈసారి మంచి తోకచుక్క వస్తే మొదటిరోజు నుంచి కనుమరుగయ్యే దాకా దాని స్థానం, వెలుగు రాసుకోవాలని మీ కోరిక. కక్ష్య లెక్క మనకు అందుతుందా, ఆకాశ పటం యాప్‌లో చూపే మాగ్నిట్యూడ్‌ను (వెలుగును చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ) నమ్మొచ్చా అని అడిగారు.

స్థానం విషయంలో యాప్‌ను నమ్మండి. వెలుగు విషయంలో మాత్రం నమ్మకండి. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క (సి/2023 ఎ3) వెంట మూడు వారాలు పడ్డాక నాకు తేలింది ఇదే.

దాన్ని 2023 జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు ముందు గుర్తించారు. ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు విడిగా పట్టుకుంది. 2024 సెప్టెంబరు 27న సూర్యుడికి 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వెళ్లింది. అక్టోబరు 12న, అంటే ఆ ఏడాది దసరా రోజున, మనకు దాదాపు ఏడు కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. ఈ తేదీలు ఎన్నో నెలల ముందే తెలుసు, ఒక్కటీ తప్పలేదు. కానీ అదే ఏడాది జులైలో జెడెనెక్ సెకనీనా అనే పేరున్న తోకచుక్కల నిపుణుడు ఇది సూర్యుణ్ని చేరకముందే ముక్కలైపోవడం ఖాయమని వ్యాసం రాశారు. అది ముక్కలు కాలేదు సరికదా, అక్టోబరు 9 ప్రాంతంలో శుక్రుడంత వెలిగింది. 2013లో ఐసాన్ అనే తోకచుక్క కథ దీనికి పూర్తిగా తిరగబడింది. పట్టపగలే కనిపిస్తుందని ఊరించి, సూర్యుడి దగ్గరికి వెళ్లి చెదిరిపోయింది.

దసరా సెలవులకు నేను మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో ఉన్నాను. పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరూ ముప్పావుకి డాబా ఎక్కాను. పడమర ఎడమపక్క శుక్రుడు, కుడిపక్క స్వాతి నక్షత్రం, రెండింటి మధ్య నిలువుగా ఒక తెల్లటి చార. అమ్మ కూడా పైకొచ్చి చూసి, "ఇంతేనా? టీవీలో పెద్దగా చూపించారే" అని కిందికి వెళ్లిపోయింది. నాకైతే ఒళ్లు జలదరించింది.

ఇక నేను చేసిన తప్పు. నాసా జేపీఎల్ వాళ్ల హొరైజన్స్ పట్టిక నుంచి రోజువారీ స్థానాలు తీసుకుని నక్షత్ర పటం మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకున్నాను. రోజూ చూస్తే తోకచుక్క నా చుక్క కంటే రెండు మూడు డిగ్రీలు ముందే ఉంటోంది. దారి మీదే ఉంది, కానీ ముందుకు జరిగి ఉంది. కక్ష్య లెక్కే తప్పిందేమోనని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను, కొంచెం గర్వం కూడా! తెల్లారాక వెలిగింది. పట్టికలో ఇచ్చింది యూనివర్సల్ టైమ్ (యూటీ) సున్నా గంటలకు, అంటే మనకు తెల్లవారి ఐదున్నర. నేను చూసేది సాయంత్రం ఆరూ ముప్పావుకి. మధ్యలో పదమూడు గంటలకు పైగా తేడా. ఆ రోజుల్లో అది రోజుకు ఐదు డిగ్రీల దాకా జరుగుతోంది మరి. గ్రహాలు తిరిగే దిక్కుకు ఎదురుగా, 139 డిగ్రీల వంపున్న కక్ష్యలో వస్తోంది కాబట్టి మన పక్కనుంచి ఎదురు లారీలా దూసుకుపోయింది. కాబట్టి నోట్‌బుక్‌లో మొదటి గడిలో తేదీతో పాటు టైము, అది ఐఎస్‌టీనా యూటీనా అన్నది తప్పకుండా రాయండి.

కక్ష్యను మనమే కట్టగలమా అంటే, సూత్రప్రాయంగా మూడు వేర్వేరు రోజుల స్థానాలు చాలు. 1801లో తప్పిపోయిన సెరిస్ అనే చిన్న గ్రహాన్ని గణితవేత్త గాస్ మళ్లీ దొరికించుకున్నది ఇలాంటి కొద్ది స్థానాలతోనే. కానీ బైనాక్యులర్‌తో చూసి పటం మీద పెట్టే చుక్కకు అంత కచ్చితత్వం రాదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి నాలుగైదు సెకన్ల ఫొటో తీసి ఆస్ట్రోమెట్రీ.నెట్‌లో వేస్తే, అది నక్షత్రాల్ని పోల్చుకుని ఆకాశంలో ఏ భాగమో చెబుతుంది. దాన్నిబట్టి తోకచుక్క ఎక్కడుందో కొలవొచ్చు. సరదాకి అది బాగుంటుంది. అసలు కక్ష్యను తోకచుక్కల కక్ష్యలు లెక్కగట్టి ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచే తీసుకోండి. స్టెల్లారియం అనే ఆకాశ పటం యాప్ వాడితే ఆ అంకెల్ని మధ్యమధ్యలో కొత్తగా దింపుకోండి. గ్రహాల లాగుడు వల్లా, తోకచుక్కలోంచి చిమ్మే ఆవిరి వల్లా దారి కొద్దికొద్దిగా మారుతుంటుంది. ఏడాది కిందటి అంకెలతో వెతికితే ఖాళీ ఆకాశమే కనిపించొచ్చు.

వెలుగుకు యాప్ వాడే లెక్క చాలా చిన్నది. భూమికి దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లు. సూర్యుడికి దూరం సగమైతే పదహారు రెట్లు, అంటే మూడు మాగ్నిట్యూడ్లు. ఈ పదహారు దగ్గరే పేచీ. అది సగటు తోకచుక్కకు పెట్టుకున్న అంచనా మాత్రమే. మంచు ఎంతుంది, ధూళి ఎంతుంది, ఎక్కడ పగులుతుంది అన్నది ఆ సూత్రానికి తెలియదు. అక్టోబరు 9న వచ్చిన మెరుపు కూడా ఈ మామూలు లెక్కలో లేదు. అప్పుడు అది దాదాపుగా మనకూ సూర్యుడికీ మధ్యలో ఉంది. కిటికీలోంచి పడే ఎండకు ఎదురుగా చూస్తే గదిలోని దుమ్ము ధగధగలాడుతుందే, అలాగే తోకలోని ధూళి వెలిగింది. సూర్యుడి పక్కనే ఉండటంతో ఆ వైభవాన్ని సూర్యుణ్ని గమనించే సోహో ఉపగ్రహం కెమెరా చూసింది కానీ మనం కాదు.

అందుకే వెలుగు మీ కళ్లతోనే కొలవాలి. తోకచుక్క మసకగా పరుచుకుని ఉంటుంది, నక్షత్రమేమో సూదిమొన. నేరుగా పోలిస్తే కుదరదు. బైనాక్యులర్ ఫోకస్ తిప్పి నక్షత్రాన్ని తోకచుక్క తలంత మసక చేసి, అప్పుడు పోల్చాలి. నాది ఇంకా సులువు, మైనస్ రెండున్నర పవర్. ఇరవయ్యో తేదీన కళ్లజోడు తీసేశాను. అన్నీ పత్తి ఉండల్లా అయిపోయాయి. కింద ఒఫియుకస్ అనే నక్షత్రరాశిలో పక్కపక్కనే రెండు నక్షత్రాలున్నాయి, ఒకటి 2.7 మాగ్నిట్యూడ్, రెండోది 3.2. మన ఉండ మొదటిదాని కంటే మసక, రెండోదాని కంటే కాస్త మెరుగు. 3.0 అని రాశాను. రాశాకే ఫోన్ తీశాను. ఈ వరుస మార్చకండి. యాప్ అంకె ముందు చూస్తే కన్ను దానికే సర్దుకుపోతుంది, నాకు రెండుసార్లు అయింది.

పోల్చే నక్షత్రం తోకచుక్కంత ఎత్తులోనే ఉండేలా చూసుకోండి. దిగంతం దగ్గర గాలి ఒక మాగ్నిట్యూడ్ దాకా మింగేస్తుంది. వెన్నెల సంగతీ రాసుకోండి. ఆ నెల 17న పౌర్ణమి. 16 నుంచి 18 దాకా నా పుస్తకంలో ఉన్నవి సగం ఊహలే, వాటి పక్కన ప్రశ్నార్థకాలు పెట్టాను. మీ అంకెల్ని కాబ్స్ అనే తోకచుక్కల పరిశీలన డేటాబేస్‌కు పంపొచ్చు. స్లొవేనియాలోని ఒక అబ్జర్వేటరీ వాళ్లు నడుపుతారు, మనలాంటి వాళ్ల లెక్కలూ తీసుకుంటారు.

ఇవన్నీ డాబా మీద వాళ్ల పనులు కావులే అనుకోకండి. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. బప్పు-బాక్-న్యూకిర్క్ అని ఇప్పటికీ దానికి ఆ పేరే.

నా పుస్తకంలో చివరి వరుస నవంబరు 2ది. దీపావళి పొగ ఇంకా పూర్తిగా పోలేదు. అరగంట వెతికినా దొరకలేదు. "కనబడలేదు" అని రాసి, ఆ చోట బైనాక్యులర్‌లో కనిపించిన అతి మసక నక్షత్రం ఏదో దాని పక్కన రాశాను. ఆ గడిని ఖాళీగా మాత్రం వదలకండి. తోకచుక్క అంతకన్నా మసకబారిందని చెప్పేది ఆ నక్షత్రమే.