షియాన్‌లో రెండు రోజులు: మట్టి సైనికులు కాక ఇంకేం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి షాంఘైలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరు మొదటి వారంలో మమ్మల్ని షియాన్ తీసుకువెళతానంటున్నాడు. అక్కడ రెండు రోజులే ఉంటాం. మట్టి సైనికులు కాక తప్పక చూడవలసినవి ఏమిటి? మావారు మెట్లు ఎక్కలేరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం. ఆ వారమంతా సెలవులు కావడంతో దర్శనీయ స్థలాలన్నీ జనంతో కిక్కిరిసిపోతాయి కనుక, వీలైతే ప్రయాణాన్ని రెండో వారం తరువాతకు మార్చుకోండి.

మొదటి రోజును మట్టి సైనికులకే కేటాయించండి. చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టగా, 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఈ సైన్యం నగరానికి తూర్పున 35 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రానూపోనూ ప్రయాణానికే చాలా సమయం పడుతుంది. మోకాలిపై కూర్చున్న విలుకాడి విగ్రహాన్ని వెనుక నుంచి కూడా చూడండి. అతని చెప్పు అడుగున కుట్ల వరుసలు కూడా శిల్పి చెక్కి ఉంచాడు.

రెండో రోజు ఉదయం పెద్ద అడవిబాతు పగోడాకు వెళ్ళండి. గుంటూరు నుంచి వెళ్ళేవారు దీన్ని వదిలిపెట్టకూడదని నా దృఢమైన అభిప్రాయం. నలందలో చదివి, చాలామంది చరిత్రకారులు మీ పొరుగునున్న అమరావతిగా గుర్తించే ధాన్యకటకాన్ని కూడా దర్శించిన చైనా బౌద్ధ భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్, 645లో స్వదేశం చేరుకొని, భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను, విగ్రహాలను భద్రపరచడానికి 652లో కట్టించినదే ఈ పగోడా. మొదట ఐదంతస్తులుండేది, ఇప్పుడు ఏడంతస్తులు, ఎత్తు సుమారు 64 మీటర్లు. మీవారు పైకి ఎక్కలేకపోయినా కొరతేమీ లేదు. దక్షిణ ద్వారానికి ఇరువైపులా ఉన్న 653 నాటి రెండు శాసనాలు కిందనే ఉన్నాయి. హ్యుయాన్‌త్సాంగ్ అనువాదాలను ప్రశంసిస్తూ చక్రవర్తి తైజోంగ్, యువరాజుగా ఉన్నప్పుడు గావోజోంగ్ రచించిన పాఠాలను, చూ సూయిలియాంగ్ అనే ప్రసిద్ధ లేఖకుడి దస్తూరీలో వాటిపై చెక్కారు. ఒకటి కుడి నుంచి ఎడమకు, రెండోది ఎడమ నుంచి కుడికి సాగుతూ ద్వారానికి జంటగా అమరుతాయి.

మధ్యాహ్నం నగర కోటగోడ దక్షిణ ద్వారం దగ్గరలోని శిలాశాసనాల ప్రదర్శనశాల చూడండి. 781 నాటి క్రైస్తవ శాసనం, 837లో చెక్కడం పూర్తయిన కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు అక్కడే ఉన్నాయి. సాయంత్రం మీ అబ్బాయి 14వ శతాబ్దపు కోటగోడ ఎక్కి అద్దె సైకిలుపై తిరిగి రావచ్చు. గోడ చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. ఓపిక మిగిలితే గుమ్మటాలు లేకుండా చైనా ఆలయాల తీరులో కట్టిన పెద్ద మసీదును చూడండి.

టికెట్లను ముందుగా పాస్‌పోర్టు నంబరుతో తీసుకోవాలి. వెళ్ళేటప్పుడు అసలు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి.