ఆర్డర్లు ఉన్నా జీతాలకు డబ్బు లేదు: సమాధానం

అన్నా, అట్టపెట్టెల యూనిట్‌కు ఆర్డర్లు నిండుగా ఉన్నా జీతాలకు డబ్బు లేదన్నారు కదా. నెలకు 4 లక్షల సరుకు 90 రోజుల అరువుకిస్తే 12 లక్షలు బయటే ఉంటాయి. మీకు కాగితం ఇచ్చే మిల్లు తన డబ్బుకు అన్నాళ్లు ఆగదు. అందుకే ఆర్డర్లు పెరిగేకొద్దీ ఇబ్బందీ పెరుగుతుంది. కొత్త అప్పు ఇప్పుడే వద్దు.

ముందు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చూసుకోండి. సరుకు పంపాక చేసుకుంటే పాత బిల్లులకు పనికొస్తుందన్న నమ్మకం లేదు. ఆ నంబరు ప్రతి బిల్లుపైనా వేయండి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్నవారు డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బకాయిపై ప్రభుత్వానికి ఫిర్యాదు చివర్లో చూద్దాం, పెట్టాక ఆ కొనుగోలుదారు మళ్లీ ఆర్డరివ్వడం కష్టమే.